రెండో బోర్డు

బాయిలర్ గది పక్క గదిలో శవం.

రాత్రి డ్యూటీ దిగి కునుకు తీస్తున్న రిసెప్షన్ క్లర్కుది. పొద్దున పదింటికి బాయిలర్ అంటుకుంది. గంటసేపు మంటను ఆపాల్సిన గోడ పావుగంటకే కూలింది. బుసాన్ రేవు దగ్గర, తెరిచి నెలైనా కాని గెస్ట్‌హౌస్ అది.

కూలిన గోడలో ఒక్కో వైపు మంటను తట్టుకునే ఫైర్ బోర్డు ఒకటే దొరికింది. రెండు ఉండాలి.

ఇంకా ఎత్తేయని సైట్ ఆఫీసులో ఇన్‌స్పెక్టర్ ప్యో మిసన్ ఒక చోట నిలవలేకపోతోంది. సాయంత్రంలోగా తేలకపోతే ఆ గోడ డిజైన్ చేసిన నో హారిమ్‌ని రిమాండ్‌కి పంపాలి.

"నేను రెండు బోర్డులే పెట్టాను మేడమ్." అంది హారిమ్.

"మరి కంప్యూటర్‌లో నువ్వు గీసిన బిల్డింగ్ మోడల్‌లో ఒకటే ఉందేం?"

"ఎవరో తీసేశారు."

"చివరిగా సేవ్ చేసింది నీ పేరు మీదే."

"ఈ కంప్యూటర్‌లో నా లాగిన్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. సైట్‌లో అందరూ వాడతారు."

సైట్ మేనేజర్ గు మాన్‌సిక్ నవ్వాడు. "దొరికిపోయిన ప్రతివాళ్లకీ పాస్‌వర్డే దిక్కు! కాగితాలొద్దు, ట్యాబ్ చూసి కట్టండి అన్నది వీళ్ల డిజైన్ ఆఫీసే. ఈ పిల్ల ఒకటి పెట్టింది, మేం ఒకటి బిగించాం."

"అన్నిచోట్లా మోడల్ చూసే కట్టారా?"

"మిల్లీమీటర్ తేడా రానివ్వను మేడమ్."

ప్యో మౌస్ అందుకుంది. బాయిలర్ గది గోడ మీద నొక్కింది. పొరలన్నీ వరసగా తెరుచుకున్నాయి. పెయింట్. బోర్డు. స్టీలు ఫ్రేము. మళ్లీ బోర్డు. పెయింట్.

చెయ్యి ఊరుకోలేదు. నాలుగో అంతస్తు కారిడార్ గోడ మీద నొక్కింది.

అక్కడా అంతే. బోర్డు ఒకటే.

ఆమె లేచింది. "అందరూ పైకి పదండి. కానిస్టేబుల్, రంపం తీసుకురా."

నాలుగో అంతస్తుకు మంట చేరలేదు. రంపం గోడలోకి దిగింది. అరచేయంత ముక్క ఊడొచ్చింది. పెయింట్ కింద బోర్డు. దాని వెనక మరో బోర్డు.

"మోడల్‌లో ఇక్కడా ఒకటే గు గారూ. మరి రెండెందుకు బిగించారు? ముచ్చటపడా?"

"ఇక్కడ ఒకటెందుకు ఉంటుంది?" గు ఆమె చేతిలోని ట్యాబ్ లాక్కుని చూశాడు. ముఖం పాలిపోయింది. "కాదు... నేను మార్చింది కింద ఆ ఒక్క గోడేగా!"



"ఒక్క గోడ మారదు సార్," అంది హారిమ్ మెల్లగా. "ఫైర్ గోడలన్నీ ఒకే రకం కింద పెట్టాను. ఆ రకంలో పొర తీస్తే అన్నిట్లోనూ పోతుంది. ఒక్కదానికే కావాలంటే ముందు ఆ రకాన్ని కాపీ చేసి వేరే పేరు పెట్టాలి."

"ఇది తెలిసిన మనిషి ఒక్క గోడ కోసం అన్నీ మార్చి ఇలా దొరకదు," అంది ప్యో. "కట్టేటప్పుడు మోడల్‌లో రెండే ఉన్నాయి. అందుకే ఇక్కడ రెండున్నాయి. కింద ఒకటి ఎగ్గొట్టింది నువ్వే, గు. మనిషి పోయాక కంప్యూటర్ ముందు కూర్చున్నావ్."

"మర్నాడే ఓపెనింగ్ మేడమ్. బోర్డులు తక్కువ పడ్డాయి. బాయిలర్ గదే కదా, ఎవరు చూస్తారనుకున్నా."

"పక్క గదిలో మనిషి పడుకుంటాడని తెలుసా?"

గు తల దించుకున్నాడు. "తెలుసు."

బేడీలు పడ్డాయి. హారిమ్ ట్యాబ్ అందుకుని చూసింది.

"మేడమ్, మోడల్‌లో ఆ బోర్డు మళ్లీ పెట్టేయనా? అన్ని గోడలూ తప్పుగా ఉన్నాయి."

"ముట్టుకోకు," అంది ప్యో. "నిన్ను ఇంటికి పంపుతున్నది ఆ తప్పే."