నల్లచుక్కల మూటలు

కోడలి సీమంతం రోజు ఉదయం ఏడు గంటలకి కాశీబుగ్గలోని తన ఇంట్లో లక్ష్మీకుమారి ఒక చేత్తో పెసరట్టు తిరగేస్తూ, రెండో చేత్తో ఫోను చెవికి అదిమి పట్టుకుంది. అవతల మాట్లాడుతున్నది వియ్యపురాలు పైడితల్లి. సుమ్మాదేవి స్టేషన్లో రైలెక్కింది. ఆవిడ మాటల్లో సగం రైలు చక్రాల కింద పడి నలిగిపోతున్నాయి.

"ఏటి ఒదినా? పన్నెండు పూటలా?" అని లక్ష్మీకుమారి రెండుసార్లు అడిగేసరికి లైను తెగిపోయింది.

"విన్నారా? మీ వియ్యపురాలు పన్నెండు పూటలు ఉంటాదట. పిల్లని ఈవేళే పుట్టింటికి తీసుకెల్తానంది గదా. ఇప్పుడు ఆరు రోజులు ఇక్కడే మకామా?" అంది భర్త ధర్మారావుతో.

"ఉండనీ. పన్నెండు పూటలూ నాకూ నాలుగు కూరలు దొరుకుతాయి," అన్నాడాయన పేపరు దించకుండా.

పెసరట్టు మాడింది. ఆ మంట మీదే లక్ష్మీకుమారి చుట్టాలందరికీ ఫోన్లు చేసి సంగతి చెప్పేసింది. గంట తర్వాత ఇంటి ముందు ఆటో ఆగింది. అందులోంచి పైడితల్లి, ఆవిడ వెనక ఒకటి, రెండు, మూడు... పన్నెండు గుడ్డమూటలు దిగాయి.

"పూటలేటి ఒదినా, మూటలు గదా నానన్నది," అంది పైడితల్లి. వరండాలో కూర్చున్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఆ నవ్వు లక్ష్మీకుమారికి తన మీదే అనిపించింది. వియ్యపురాలు కయ్యపురాలు కావడానికి అంతకంటే మంచి ముహూర్తం అక్కర్లేదు.

పది గంటలకి ప్రమోదినిని కుర్చీలో కూర్చోబెట్టారు. ఏడో నెల. బుగ్గలకి గంధం, చేతుల నిండా గాజులు. కానుకలు వస్తున్నాయి. అవి బహుమతులు కావు, బహు మతులు పోగొట్టే వస్తువులు. మండువేసవిలో పుట్టబోయే బిడ్డకి ముఖమల్ గౌను. నడక రావడానికి ఏడాది పట్టే ప్రాణికి రిమోటు కారు. ఉద్దానం జీడితోటల్లో తిరిగే ఎలుగుబంట్లు చాలవన్నట్టు, తలుపులో పట్టని బొమ్మ ఎలుగుబంటి ఒకటి. దాన్ని లక్ష్మీకుమారి హాలు మధ్యలో కూర్చోబెట్టింది. పన్నెండు మూటల్నీ మాత్రం పెరటి గట్టు మీద, చీపుళ్ల పక్కన పెట్టించింది.

ప్రమోదిని చూసింది. గాజులు గలగలలాడకుండా చేతులు ఒళ్లో బిగించుకుంది.

"అత్తా, మా అమ్మ తెచ్చినవి ఇక్కడికి తెప్పించండి."

"తెప్పించలేను. పాతగుడ్డలని కాదమ్మా, పురిటిబిడ్డకి పాతవే కట్టాలి, అది నాకూ తెలుసు. వాటి మీద నల్లచుక్కలున్నాయి. చూసుకో."

పలాస, కాశీబుగ్గల్లో గుడ్డ మీద నల్లచుక్క కనబడితే ఎవరూ సిరా అనుకోరు. జీడి అంటారు. జీడిగింజ కొట్టేటప్పుడు చిందే రసం ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది, గుడ్డకి తగిలితే జన్మలో పోదు. పైడితల్లి పదిహేనేళ్లుగా తన ఊళ్లో జీడి ఫ్యాక్టరీలో గింజలు కొడుతోంది. ఆవిడ వేళ్లు ఆ మాట చెప్పకనే చెబుతాయి.

"లేత ఒంటికి జీడి మరకల గుడ్డలు తెచ్చిన ఇంటికి నా కోడల్ని పంపను. పురుడు ఇక్కడే," అంది లక్ష్మీకుమారి. నోటికి తీపి పెట్టవలసిన మనిషి తీర్పు పెట్టేసింది.

ప్రమోదిని భర్త కార్తికేయ అమ్మ వైపు, భార్య వైపు టేబుల్ ఫ్యానులా తల తిప్పుతున్నాడు.

ప్రమోదిని లేచి నిలబడింది. "ఆరు నెలలుగా రోజులు లెక్కపెట్టుకుంటున్నానత్తా, మా అమ్మ దగ్గర పురుడు పోసుకోవాలని. మూట విప్పకుండానే అది కాదనేస్తారా? ఆ ఎలుగుబంటి కడుపులో ఏముందో చూశారా? ఆ గౌను లేసు గీరుకుంటే మీ మనవడి మెడ ఏమవుతుందో చూశారా? మా అమ్మ తెచ్చిందనే గదా చూడలేదు."

"నువ్వు కూకో అమ్మీ," అంది పైడితల్లి. గొంతు పెద్దది చెయ్యలేదు కానీ అందరికీ వినబడింది. "ఒదినా, జీడి ఏటి సేత్తాదో నాకు నువ్వు సెప్పాలా? ఈ సేతులు సూడు. ఈ గుంటని పెంచింది ఈ సేతుల్తోనే. దాని ఒంటి మీద ఒక్క బొబ్బ సూపించు, ఇప్పుడే బండెక్కీసి ఎల్లిపోతాను."

లక్ష్మీకుమారి చూపు కోడలి గంధం బుగ్గల మీదికి వెళ్లింది.

"లోపల గుడ్డ మీద సుక్క లేదు. పైన మూటగుడ్డ మీదే పెట్టాను. రెండు నెలల కిందట పెట్టి, ఎండబెట్టి, మూడుసార్లు ఉడకబెట్టి ఉతికాను. నాకు రాత రాదు గదా. పెన్నుతో ఎవరిసేతైనా రాయించినా రెండు ఉతుకులకి పోతాది. అందుకే జీడితో పెట్టాను. అవి మచ్చలు కాదు ఒదినా, నెలలు. ఒక సుక్క మొదటి నెలకి, రెండు సుక్కలు రెండో నెలకి. ఏ నెలకి ఏటి కావాలో ఆ మూటలో ఉన్నాది."

ధర్మారావు పెరట్లోకి వెళ్లి, మూటలన్నీ తనే మోసుకొచ్చి హాల్లో పరిచాడు. ఎలుగుబంటిని కాలితో పక్కకి జరిపాడు. ప్రమోదిని ఒక్కొక్కటీ విప్పింది. ఒక్క చుక్క మూటలో పాత నూలుచీరలు చింపి అంచులు మడిచి కుట్టిన పొత్తిగుడ్డలు, మూడు డజన్లు. రెండు చుక్కల దాంట్లో ముందు ముడులేసుకునే జుబ్బాలు, తల మీంచి తొడిగే పని లేకుండా. ఆరు చుక్కల దాంట్లో గిన్నె, అంచులు అరగదీసిన చిన్న చెంచా, రాగిజావకి చోళ్లపిండి జల్లించే పలచని గుడ్డ. పన్నెండు చుక్కల దాంట్లో మెత్తటి చెప్పులు.

"ఇన్ని ఎందుకే అమ్మా? నువ్వుంటావు గదా," అంది ప్రమోదిని.

"నానెక్కడుంటాను? మూడో నెల నిండగానే నిన్ను ఈ ఇంటికి పంపీయాల గదా. మూడు మూటలే నావి. మిగిలిన తొమ్మిదీ మీ అత్తకి తెచ్చాను. బిడ్డ ఆవిడ సేతుల్లో పెరుగుతాది. నాను దగ్గరుండి సెప్పలేను, సుక్కలు సెప్తాయని."

లక్ష్మీకుమారి నాలుగు చుక్కల మూట తనే అందుకుంది. ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. లోపల ఒక చిన్న బొంత, పైన నూలుచీర, మధ్యలో మైనపు గుడ్డ పెట్టి దగ్గర దగ్గరగా కుట్టినది.

"ఇదేటి ఒదినా?"

"నీ ఒళ్లోకి. నువ్వు మంచి సీరలు కడతావు. బిడ్డ ఉచ్చ పోసినా దించక్కర్లేదు, ఎత్తుకునే ఉండొచ్చు."

లక్ష్మీకుమారి ఆ బొంతని ఒళ్లో పరుచుకుని కింద కూలబడింది. కళ్లు తుడుచుకుందామని చూస్తే చేతికి అదే అందింది, మళ్లీ మాసిపోతుందని పమిటతో తుడుచుకుంది. కాసేపటికి లేచి, పొద్దున్న తను ఫోన్లు చేసిన చుట్టాలందరి ముందూ నిలబడింది.

"అందరూ వినండి. మా ఒదిన పన్నెండు పూటలు ఉండడానికి రాలేదు. నా చెవి తప్పు. జీడి మరకల గుడ్డలూ తేలేదు. నా కళ్ల తప్పు. ఏడాదిపాటు నా మనవడికి ఏ నెల ఏం కావాలో గుర్తు పెట్టి తెచ్చింది. చూడకుండానే చీపుళ్ల దగ్గర పెట్టించాను. అది మాత్రం నా బుద్ధి తప్పు."

పైడితల్లి ఏదో అనబోయింది. లక్ష్మీకుమారి ఆవిడ వేళ్లు రెండు చేతుల్తో పట్టుకుంది.

"సాయంత్రం ఆటోకి పిల్లని తీసుకెళ్లు ఒదినా. నీ మూడు మూటలూ నేనే ఎక్కిస్తాను."