ఎనిమిదో బీట్

"నా పాటకి ఎనిమిదో బీట్ పెట్టింది ఎవరు?"

తలుపు తోసుకుని వచ్చిన అమ్మాయి అడిగిన మొదటి మాట అది. బయట జోరున వాన. ఆమె గొడుగు మూయలేదు. దాని అంచుల నుంచి నీళ్లు స్టూడియో కార్పెట్ మీద కారుతున్నాయి.

గదిలో ఎడిటర్ ఒక్కడే ఉన్నాడు. ఇరవయ్యారేళ్లవాడు. హెడ్‌ఫోన్స్ తీసి లేచి నిలబడ్డాడు. కృతజ్ఞతలు చెప్పడానికి వచ్చిందనుకున్నాడు.

"నేనేనండి. పర్లేదు, థాంక్స్ ఏమీ అక్కర్లేదు."

"థాంక్సా?"

"మీ డ్రమ్మర్ పాపం కొత్తవాడనుకుంటా. ప్రతి రౌండ్‌లో ఒక బీట్ మింగేస్తున్నాడు. మూడు వందల పన్నెండు చోట్ల! మూడు రోజులు కూర్చుని ఒక్కొక్కటే సరిచేశాను. ఆయనకి మాత్రం చెప్పకండి, బాధపడతాడు."

"చెప్పక్కర్లేదు. ఆ డ్రమ్మర్‌ని నేనే."

నవ్వు అతని మొహం మీదే ఉండిపోయింది. దాన్ని ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియలేదు.

"అది ఏడు బీట్ల పాట," అందామె. "కావాలని ఏడు. రెండేళ్లు చచ్చీచెడీ కూర్చుకున్న ఏడు."

"ఏడెందుకండీ? ఎనిమిదైతే హాయిగా ఉంటుంది కదా."

"హాయిగా ఉండకూడదనే!"

"సరే, సరే. కోప్పడకండి."

"అసలు ఫైలు ఇవ్వండి. మేం వాయించింది."

అతను మానిటర్ వైపు చూశాడు, నేల వైపు చూశాడు.

"దాని మీదే సేవ్ చేశాను."

అప్పుడు ఆమె గొడుగు మూసింది. మూసిన గొడుగు చేతికి బాగా అందుతుంది.

అతను మంచివాడు. మంచివాళ్లు చేసే నష్టానికి విరుగుడు దొరకదు, ఎందుకంటే వాళ్లు దాన్ని శ్రద్ధగా చేస్తారు.

ఆమె బస్ డిపోలో టైంటేబుళ్లు వేసే గుమాస్తా. సాయంత్రాలు డ్రమ్స్ వాయిస్తుంది. బ్యాండ్‌లో ఆమెను అందరూ టైంటేబుల్ అనే పిలుస్తారు. గిటార్, బేస్, కీబోర్డ్ వాయించేవాళ్లు ముగ్గురు మగపిల్లలు. వాళ్లది ప్రోగ్రెసివ్ రాక్. అంటే పల్లవి ఎప్పుడొస్తుందో తెలియని పాట, వచ్చిందనుకునేలోపు ఇంకో దారి పట్టే పాట. ఈ పాట పంతొమ్మిది నిమిషాలు. రాసింది, కూర్చింది ఆమె. ఆమెకు కావలసింది ఒక్కటే. అది అలాగే, ఏడు బీట్లతో, బయటి మనుషుల చెవిన పడాలి.

స్టూడియో, దానికి అంటుకుని ఉన్న చిన్న మ్యూజిక్ కంపెనీ, రెండూ ఎడిటర్ మేనమామవి. గొడవ విని ఆయన లోపలికి వచ్చాడు.

"ఏమ్మా, నువ్వేనా డ్రమ్మర్‌వి? పాట అదిరిందమ్మా!"

"ఏ పాట సార్?"

"మావాడు సరిచేసింది. ఇదివరకు పంపింది రెండు నిమిషాలు కూడా వినలేకపోయాను. ఇది చూడు, కాలు దానంతటదే ఆడుతోంది. మూడు నిమిషాలకి కత్తిరించి నెలాఖరుకి వదిలేద్దాం. సోమవారం వచ్చి డ్రమ్స్ ఎనిమిదికి మళ్లీ కొట్టేసెయ్."

"కొట్టను."

"కొట్టకపోతే మెషిన్ కొడుతుంది. మీ బ్యాండ్‌లో మిగతా ముగ్గురూ ఒప్పుకున్నారు, ఫోన్‌లో అడిగాను."

ఆమె వెంటనే గిటార్ అతనికి ఫోన్ చేసింది. అతను నసిగాడు. "ఈ ఒక్కసారికి సర్దుకో టైంటేబుల్. వచ్చే పాటకి చూద్దాం. ఒకసారి పేరొచ్చిందంటే అప్పుడు మన ఇష్టం."

ఈ మాట చెప్పి తర్వాత ఇష్టమొచ్చింది చేసినవాడు ఇంతవరకూ పుట్టలేదు. ఆమెకు ఆ సంగతి తెలుసు. ఫోన్ పెట్టేసి ఎడిటర్ వైపు తిరిగింది.

"మూడు వందల పన్నెండూ పెట్టింది నువ్వు. తీసేది కూడా నువ్వే."

"మీరు" అనుకోవడం ఆ పూటతో పోయింది.

మర్నాటి నుంచి ఆమె డిపోలో పని కాగానే నేరుగా స్టూడియోకి వచ్చేది. అతను స్క్రీన్ ముందు, ఆమె పక్కన స్టూల్ మీద. ఆమె లెక్కపెట్టేది, అతను కోసేవాడు. కోసిన చోట అతుకు వినిపించకూడదు. ఒక్కో అతుక్కి పదిసార్లు వినాలి.

"ఐదు, ఆరు, ఏడు... ఆపు! అదిగో నీ దెయ్యం."

"దెయ్యమంటావేంటి? ఎంత నీట్‌గా పెట్టానో చూడు."

"నీట్‌గా పెట్టావు కాబట్టే దొరకట్లేదు. కొంచెం చేతకానివాడివై ఉంటే ఎంత బాగుండేది!"

"ఇది పొగడ్తా, తిట్టా?"

"కొయ్యి ముందు."

మూడో రోజున వాదన పాటల మీదికి మళ్లింది.

"ఇరవై ఏళ్లుగా జనం వింటున్నది ఒకటే పాట," అందామె. "పాడేవాళ్ల జుట్టు మారుతోంది, అంతే."

"అన్యాయంగా మాట్లాడకు. కష్టపడి చేస్తాం."

"అలాగా? ఈ ఏడాది హిట్టయినవి రెండు తీయి. ఒకదాని మీద ఒకటి పెట్టి వాయించు."

"గందరగోళంగా ఉంటుంది."

"ఉంటే నేను రేపటి నుంచి ఎనిమిదే కొడతా."

పెట్టాడు. ఒక పాట గొంతు ఇంకో పాట వాయిద్యాల మీద గిన్నెకి మూతలా కూర్చుంది. ఎక్కడా ఒరుసుకోలేదు. ఒక పాట ఊపిరి పీల్చుకునే చోటే రెండోదీ పీల్చుకుంది. ఆ రెంటినీ ఎడిట్ చేసింది అతనే. నిమిషం కాకుండానే ఆపేశాడు.

"అలసిపోయి ఇంటికెళ్లినవాడు తెలిసిన పాట వింటే తప్పా?" అన్నాడు, మొహం గంటుపెట్టుకుని.

"వినడం తప్పు కాదు. వాడికి ఇంకోటి దొరక్కుండా చేయడం తప్పు."

"నీదొక్కటే కొత్త సంగీతం, మాదంతా చెత్తా?"

"అనలేదు."

"అన్నట్టే చూశావు."

"నా చూపులు కూడా ఎడిట్ చేస్తావా?"

నిజానికి ఆ చూపుల గురించి అతనికి అప్పటికే కొంత అవగాహన ఉంది. లెక్కపెట్టేటప్పుడు ఆమె కళ్లు మూసుకునేది. ఏడు అనగానే తెరిచేది. తెరిచినప్పుడల్లా ఎదురుగా అతను కనిపించేవాడు. రోజుకి యాభైసార్లు. ఇంత పద్ధతిగా ఎవరు ఎవర్ని చూసినా చిక్కే.

శుక్రవారానికి నలభై మిగిలాయి. కాఫీ తాగుతూ అతను చెప్పకూడనిది చెప్పాడు.

"ఒక మాట చెప్పనా? పదకొండో నిమిషం నుంచి పదిహేను దాకా నాకు విసుగొస్తోంది."

"అర్థం కాక."

"అర్థమయ్యే వస్తోంది. ఈ పాట నీ తర్వాత ఎక్కువసార్లు విన్నది నేనే. అక్కడ మీ కీబోర్డ్ అతను పాట వాయించట్లేదు, తనకెంత వచ్చో చూపిస్తున్నాడు. చివర్లో నువ్వూ అంతే."

"నేనా?"

"నువ్వే. ఏడు బాగుంది. నేనే తప్పు. కానీ పొడుగంతా కొత్తదనం కాదు. మా పాటలు జనాన్ని జోకొడుతున్నాయి, ఒప్పుకుంటా. మీవి వాళ్లకి పరీక్ష పెడుతున్నాయి. ఇద్దరూ వినేవాణ్ణి మనిషిలా చూడట్లేదు."

ఆమె కప్పు కింద పెట్టింది. బ్యాగ్ తీసుకుంది. తలుపు చాలా నెమ్మదిగా వేసి వెళ్లింది. గట్టిగా వేసినా బాగుండేదనుకున్నాడతను.

శనివారం రాలేదు. మిగిలిన నలభై అతనొక్కడే కోశాడు, తనలో తను ఏడు దాకా లెక్కపెట్టుకుంటూ. ఆదివారం పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు.

ముందుగదిలో ఆమె తల్లి కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంది. స్కూలు యూనిఫాంలు కుడుతుంది. చుట్టూ తెల్ల కాలర్ల గుట్ట.

"నువ్వేనా ఎనిమిదో బీట్?"

"అవునండి."

"కూర్చో బాబూ. రెండ్రోజులుగా నిన్నే తిడుతోంది. తింటూ తిడుతోంది, పళ్లు తోముకుంటూ తిడుతోంది. ఆ తిట్లేవో నువ్వే ఎదురుగా కూర్చుని తింటే నాకు పని సాగుతుంది."

లోపలిగదిలో ఆమె నేల మీద కూర్చుని ఉంది. ముందు పెద్ద చార్టు. పాటంతా నిమిషాల వారీగా గళ్లు గీసి రాసింది. సగానికి పైగా గళ్లు ఎర్ర పెన్నుతో కొట్టేసి ఉన్నాయి. మిగిలింది తొమ్మిది నిమిషాలు.

"నువ్వు చెప్పావని కాదు," అంది తలెత్తకుండా.

"కాదు."

"నాకే అనిపించింది."

"అవును."

"ఆ అవునులో ఏదో ఉంది."

"ఏమీ లేదు. నీ చివరి సోలో కూడా కొట్టేశావే?"

"నోరు మూసుకుని కూర్చో."

కూర్చున్నాడు. సాయంత్రం దాకా కూర్చున్నాడు. బయట మళ్లీ వాన మొదలైంది. ఎవరూ లేవలేదు.

ఆ రాత్రే చార్టు ప్రకారం పాటని కత్తిరించారు. సోమవారం మామయ్య ఆ తొమ్మిది నిమిషాల పాట పెట్టించుకుని రెండు నిమిషాలు విన్నాడు. మొహం చిట్లించాడు.

"ఒరేయ్, కాలు వేసేలోపు నేల జరిగిపోతోందిరా. ఇది నాకొద్దు. అమ్మాయీ, లోపల నీ డ్రమ్స్ సిద్ధంగా ఉన్నాయి. ఎనిమిది కొడతావా, మెషిన్ పెట్టించమంటావా?"

ఆమె మూలన నిలబడ్డ తన బ్యాండ్ వైపు చూసింది. ముగ్గురూ తమ బూట్ల వైపు చూసుకున్నారు. రెండేళ్లు కలిసి వాయించినవాళ్లు.

"మెషిన్ పెట్టుకోండి," అంది. "ఏడుది నేను తీసుకుపోతాను."

"తీసుకుపో తల్లీ. నాకెందుకు?"

ఎడిటర్ హెడ్‌ఫోన్స్ బల్ల మీద పెట్టి లేచాడు.

"నువ్వెక్కడికిరా?"

"ఆవిడ డ్రమ్స్ మోయడానికి. ఒక్కతే మోయలేదు."

"మళ్లీ ఎప్పుడొస్తావు?"

"ఆ మెషిన్‌ని అడుగు మామయ్యా, ఎడిటింగ్ కూడా చేస్తుందేమో."

మెట్ల మీద నాలుగుసార్లు ఎక్కి దిగారు. ఆమె ఏడవలేదు. పెద్ద డ్రమ్ దించేటప్పుడు మాత్రం ఒక నిమిషం దాని మీద నుదురు ఆనించి నిలబడింది. అతను వాన వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ మాత్రం తెలివి అతనికి ఉంది.

పాట వినిపించడానికి చోటు దొరకలేదు. రెండు కేఫ్‌లు వద్దన్నాయి. ఒక కాలేజీ ఉత్తరానికి జవాబివ్వలేదు. చివరికి ఆమె డిపో మేనేజర్‌ని అడిగింది. రెస్ట్ రూమ్‌లో మధ్యాహ్నం షిఫ్ట్ మారే వేళ పెట్టుకోమన్నాడాయన. డ్రైవర్లు, కండక్టర్లు, ఇద్దరు మెకానిక్‌లు. మొత్తం ముప్ఫైమంది. బల్లల మీద టీ గ్లాసులు, ఒక మూల అరిగిన టైర్ల వాసన. స్పీకర్లు అతను తెచ్చాడు. రికార్డింగ్‌లో డ్రమ్స్ ఆపేసి, వాటి స్థానంలో ఆమె అక్కడే వాయించింది.

రెండో నిమిషంలో నలుగురు లేచారు. నాలుగో నిమిషంలో మరో ఎనిమిది మంది. ఒకాయన వెళ్తూ వెళ్తూ "మిక్సీలో ఏదో ఇరుక్కుందమ్మా" అన్నాడు. ఎడిటర్‌కి అతని పీక పట్టుకోవాలనిపించింది. ఆమె తలెత్తలేదు. ఏడు, ఏడు, ఏడు.

ఏడో నిమిషానికి పదకొండుమంది మిగిలారు. గ్లాసుల చప్పుడు ఆగింది. బయట ఇన్‌స్పెక్టర్ విజిల్ వేస్తున్నాడు. నాలుగూ పది బస్సు డ్రైవర్ ఇంకా బెంచీ మీదే ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్ రెండోసారి విజిల్ వేశాడు. డ్రైవర్ చేత్తో ఆగమని సైగ చేశాడు, తలుపు వైపు చూడకుండానే.

పాట ఆగింది. డ్రైవర్ లేచి టోపీ పెట్టుకున్నాడు. అలాంటి ఉద్యోగంలో మూడు నిమిషాల ఆలస్యం చిన్న నేరం కాదు.

"అన్నా, మెమో ఇస్తారు," అందామె, ఊపిరి అందక. "నచ్చిందా?"

"నచ్చడం ఏమో తెలియదమ్మా. ముప్ఫైఏళ్లుగా ఒకే రూట్‌లో తిప్పుతున్నా. ఇది ఎటు తిరుగుతుందో తెలియలా. చూద్దామని కూర్చున్నా."

బస్సు వెళ్లిపోయింది. ఆమె ఇంకా స్టూల్ మీదే ఉంది. మొహమంతా చెమట. ఆమె అంత అందంగా ఉండడం ఎడిటర్ అంతకు ముందు చూడలేదు. కేబుల్ చుడుతూ, చుట్టింది విప్పుతూ, మళ్లీ చుడుతూ నిలబడ్డాడు.

"పంతొమ్మిదిమంది వెళ్లిపోయారు," అంది.

"లెక్కపెట్టావా?"

"అలవాటు."

"నేను వెళ్లను."

"నీ స్పీకర్లు కదా, ఎలా వెళ్తావు?"

"స్పీకర్ల సంగతి కాదు."

ఆమె కర్రలు ఒళ్లో పెట్టుకుని అతన్ని చూసింది. ఈసారి ఏమీ లెక్కపెట్టడం లేదు.

"నాతో పడలేవు. నాకు ప్రతిదానికీ కోపం."

"తెలుసు. కళ్లతో చూశాను, చెవులతో విన్నాను. ఒకసారి గొడుగుతో దెబ్బ కూడా తినబోయాను."

"ఇంత విసిగించినా?"

"నాకు విసుగొస్తే చెప్తానని తెలుసు కదా నీకు. రాలేదు."

"సరిగ్గా అడుగు అయితే."

అడిగాడు. ఆమె జవాబు ఇక్కడ రాయనక్కర్లేదు. మెకానిక్‌లు ఇద్దరూ టీ తాగడం మానేసి చప్పట్లు కొట్టారు.

ఎనిమిది బీట్ల పాట నెలాఖరుకి వచ్చింది. పెద్ద హిట్టయింది. ఆటోల్లో, సెలూన్లలో, ఫోన్లలో అదే. లోకం మారాల్సిన సమయం వచ్చినంత మాత్రాన మారదు. మామయ్య మళ్లీ పిలిస్తే మేనల్లుడు ఉద్యోగంలో చేరాడు కూడా. ప్రేమించినవాడైనా ఏదో ఒక పని చేయాలి.

మూడు నెలల తర్వాత మామయ్యే పెద్దరికం వహించి, మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని ఆమె ఇంటికి సంబంధం మాట్లాడటానికి వచ్చాడు. కాలర్ల గుట్ట పక్కకి జరిపి ఆయనకి చోటిచ్చారు.

"మీవాడు ఉద్యోగం మానేశాడన్నారు?" అడిగింది తల్లి.

"మానేశాడు, చేరాడు. మళ్లీ మానేస్తానంటున్నాడు. మీ అమ్మాయి సావాసం."

"మా అమ్మాయి మీ స్టూడియో గురించి ఏమంటుందో చెప్పమంటారా?"

"వద్దమ్మా, ఊహించగలను. అయినా నా మీద కోపమెందుకు? ఆ పాట ఎంత హిట్టయిందో చూశారుగా!"

లోపలి నుంచి అమ్మాయి గొంతు వచ్చింది. "అయింది బాబాయి గారూ. ఒక్కసారి పాడండి, విందాం."

"అదెంత భాగ్యం?" అని మామయ్య గొంతు సవరించుకున్నాడు. ఒక లైను అందుకున్నాడు. రెండోది వేరే పాటలోకి పోయింది. ఆగి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి ఇంకో పాటలోకి పోయింది. తను అమ్మిన పాటే. నెత్తి గోక్కున్నాడు.

"అదే... ఆ తర్వాత ఏదో వస్తుంది."

ఎవరూ నవ్వలేదు. తల్లి మిషన్ ఆపింది.

"అన్నయ్య గారూ, మావైపు నుంచి అభ్యంతరం లేదు. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు సరిచేసుకుంటూ బతుకుతారు, మనల్ని వదిలేస్తారు. అది చాలు. పెళ్లిలో మాత్రం దాని పాట దాన్ని వాయించుకోనివ్వాలట. అదొక్కటే అడుగుతోంది."

"ఎంతసేపు?"

"తొమ్మిది నిమిషాలు," అన్నాడు మేనల్లుడు.

మామయ్య అతని వైపు చూశాడు. తర్వాత తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డ అమ్మాయి వైపు చూశాడు. నిట్టూర్చాడు.

"అయితే నాకు ముందు వరసలో కుర్చీ వేయించండి. ఈసారి చివరిదాకా వింటాను."