వెళ్లొస్తాడన్న యంత్రం

"మీ అబ్బాయి వెళ్లొస్తాడు," అంది యంత్రం, చక్కటి ఇంగ్లిష్‌లో.

నైజీరియా నుంచి వచ్చిన అడున్ని అనే తల్లి ఒక్క కన్నీటిబొట్టు రాల్చలేదు. కొడుకు చొక్కా గుండీలు సరిచేసి, సోషల్ వర్కర్ ఇంగర్ చేతికి అప్పగించింది. పక్కనే నిలబడ్డ డాక్టర్ కాదంబరి మురిసిపోయింది. ఆ అనువాద యంత్రాన్ని తయారుచేసింది ఆవిడే మరి!

డెన్మార్క్‌లో నార్‌హోల్మ్ అనే ఊరది. అక్కడి సోషల్ వర్కర్లది డేనిష్, వలస వచ్చినవాళ్లకి ఇంగ్లిషే దిక్కు. 'అన్‌బ్రింగెల్సె' అంటే పిల్లల్ని కన్నవాళ్ల దగ్గర్నుంచి తీసుకెళ్లి పరాయి ఇంట్లో పెంచడం. పాత సాఫ్ట్‌వేర్ ఆ మాటని ఉన్నదున్నట్టు చెప్పేస్తే గుమ్మాల్లో ఒకటే ఏడుపులు, పెడబొబ్బలు. కాదంబరి యంత్రం అలా కాదు. వినేవాళ్ల గుండె వేగం పసిగట్టి, అది నెమ్మదించేదాకా మాటని మెత్తగా మలుస్తుంది. గుమ్మం దాటేవాళ్లు 'పోతాను' అనకూడదు, 'వెళ్లొస్తాను' అనాలి. బయల్దేరేవాళ్లని 'ఎక్కడికి' అని అడగకూడదు. బొబ్బిలిలో పుట్టిన మనిషికి ఇవి ఒకరు చెప్పాలా? ఆ మర్యాదలన్నీ యంత్రానికి నూరిపోసింది.

చలికాలంలో అడున్ని ల్యాబ్‌కి వచ్చింది.

"డాక్టర్‌గారూ, మావాడు ఎప్పుడొస్తాడు?"

కాదంబరి ఆనాటి డేనిష్ రికార్డింగ్ పెట్టి వింది. వచ్చే మాటే లేదు. పద్దెనిమిదేళ్లు నిండేదాకా అక్కడేనట.

"అది... మా వైపు మర్యాదమ్మా," అంది నీళ్లు నములుతూ.

"మర్యాదా? తెలిస్తే తలుపుకి అడ్డం పడుకునేదాన్ని. లాయర్ని పిలిచేదాన్ని!"

యంత్రాన్ని ఆపేయమని కాదంబరి ఆ పూటే మునిసిపాలిటీకి ఫోన్ చేసింది. "ఎందుకండీ? ఊళ్లో ఏడుపన్నదే లేదు కదా," అన్నారు వాళ్లు.

కాదంబరికీ నాలుగేళ్ల కొడుకున్నాడు, సుధన్వ. ఇంకా గోరుముద్దలే. పక్కలో అమ్మ లేకపోతే నిద్రపోడు. మనకి అదో వింతా? బడివాళ్లకి మాత్రం జబ్బులా కనిపించింది, మునిసిపాలిటీకి చెప్పేశారు. ఒక పొద్దున తలుపు తీస్తే ఎదురుగా ఇంగర్, చేతిలో యంత్రం.

కాదంబరికి డేనిష్ వచ్చు. 'అన్‌బ్రింగెల్సె' అన్న మాట చెవిన పడగానే పైప్రాణాలు పైనే పోయాయి. అడ్డం పడుకోవాలి. లాయర్ని పిలవాలి.

"మీ అబ్బాయి వెళ్లొస్తాడు," అంది యంత్రం.

ఆవిడ గుండె ఇంకా దడదడలాడుతోందని దానికి తెలిసింది. గొంతు తగ్గించి మళ్లీ అంది. ఇంకాస్త ఆప్యాయంగా, మళ్లీ. అది అబద్ధమని కాదంబరికి తెలుసు, తనే నేర్పింది. అయినా గుండె నెమ్మదించింది. చేతులు వాటంతటవే పిల్లాడి తల దువ్వాయి.

"అమ్మా, నువ్వు రావా?" అన్నాడు సుధన్వ.

"క్షేమంగా వెళ్లిరా నాన్నా," అంది కాదంబరి.

ఎక్కడికి అని మాత్రం ఇంగర్‌ని అడగలేదు. బయల్దేరేవాళ్లని అలా అడగకూడదు కదా.