పెంచల్ కొట్టేసిన గుట్టల కోర్సు

నిత్య విసిరిన ప్లాస్టిక్ డిస్కు గాలికి వంకర తిరిగి, కువైట్‌లోని రిగ్గై పార్కు గోడ దాటి, రోడ్డు మీద నెమ్మదిగా పోతున్న కారు కిటికీలోంచి లోపలికి దూరిపోయింది. కారు ఆగింది. వర్క్‌షాపు యూనిఫాంలో ఉన్న యువకుడు దిగి, నారింజ రంగు డిస్కును రెండు చేతుల్తో పట్టుకుని పార్కులోకి నడిచొచ్చాడు.

“ఈ పళ్ళెం ఎవురిదండీ? ఉట్టిదే ఇయ్యల్లనా, అన్నం పెట్టి ఇయ్యల్లనా?” అని అడిగాడు.

సారీ చెప్పడానికి పరుగెత్తుకొచ్చిన నిత్యకు ఆ మాటతో ఒళ్ళు మండింది. వెనకాల ఆమె తండ్రి అనంతరామ్ పగలబడి నవ్వేసరికి ఇంకాస్త మండింది.

ఆ యువకుడి పేరు పెంచల్. రాజంపేట దగ్గరి పల్లె నుంచి వచ్చి అల్ రాయ్‌లో ఒక కార్ల వర్క్‌షాపులో పనిచేస్తున్నాడు. బాగుచేసిన బండిని ఒక చుట్టు తిప్పి చూస్తుంటే డిస్కు ఒళ్ళో వచ్చి పడింది. అనంతరామ్ అతన్ని పక్కన నిలబెట్టుకుని ఆట వివరించాడు. డిస్క్ గోల్ఫ్ కూడా గోల్ఫ్ లాంటిదే. బంతికి బదులు చేతిలో డిస్కు, నేలలో గుంటకు బదులు గొలుసులు వేలాడే ఇనుప బుట్ట. తక్కువ విసుర్లలో బుట్టలో వేసినవాళ్ళు గెలిచినట్టు. బుట్టలు వరసగా పెట్టి ఆడే చోటును కోర్సు అంటారు. ఆ రోజు మాత్రం బుట్ట లేక వాళ్ళు ఒక ప్లాస్టిక్ బకెట్టు పెట్టుకున్నారు. పెంచల్ ఆ బకెట్టు వైపు జాలిగా చూసి వెళ్ళిపోయాడు. తర్వాతి శుక్రవారం, పాత పీపా చట్రానికి గొలుసులు వెల్డింగ్ చేసిన బుట్టను భుజాన వేసుకుని దిగాడు.

అక్కణ్ణుంచి ఏడాదిన్నరగా ప్రతి శుక్రవారం పొద్దున అతను పార్కులో ఉండాల్సిందే. అనంతరామ్ పాత కారుకు కూడా అతనే దిక్కయ్యాడు. నిత్యతో మాత్రం ఆటలోనూ మాటలోనూ పోటీయే. ఆమె సాల్మియాలో ఒక క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టు. అతను “డాక్టరమ్మా” అంటే, తను డాక్టర్ని కాదని ఆమె ప్రతిసారీ సరిదిద్దేది. ప్రతిసారీ అతను ఒప్పుకునేవాడు, మళ్ళీ డాక్టరమ్మా అనేవాడు. మామూలుగా ఆమె అతన్ని పెంచల్ అనే పిలిచేది. పేరు చివర “గారు” చేరిందంటే కోపం వచ్చిందని అర్థం.

ఈ సరదాకు జూన్‌తో గడువు తీరబోతోంది. ఫహాహీల్‌లో ఇరవై ఏడేళ్ళు చేసిన ఉద్యోగం నుంచి అనంతరామ్ అప్పుడు రిటైర్ అవుతాడు. ఆయనా, భార్య కామేశ్వరీ విజయవాడ వెళ్ళిపోతారు. నిత్యకు సొంతంగా ఇఖామా, అంటే నివాస అనుమతి, ఉంది కాబట్టి ఇక్కడే ఉండొచ్చు. కానీ ఒక్కదానివే ఇక్కడ ఎవరి కోసం ఉంటావని తల్లి రోజూ అడుగుతోంది. దానికి జవాబు నిత్య దగ్గర ఉంది. అది ప్రతి శుక్రవారం ఎదురుగా నిలబడి డిస్కు తుడుచుకుంటూ తనను ఆటపట్టిస్తూనే ఉంటుంది. అసలు మాట మాత్రం ఇద్దరిలో ఒక్కరూ ఎత్తరు.

ఫిబ్రవరి నేషనల్ డే సెలవులు నాలుగు రోజులు కలిసొచ్చాయి. వెళ్ళిపోయే ముందు ఒక్కసారి కారేసుకుని సరిహద్దు దాటి, కొత్త చోట్ల ఆడి రావాలన్నది అనంతరామ్ కోరిక. కామేశ్వరి ఆడదు గానీ ఊళ్ళు చూస్తానంది. ఆ ముసలి కారు మరొకరి చేతికి లొంగదు కాబట్టి పెంచల్ కూడా రావాలని తీర్మానం జరిగింది. ఆటగాళ్ళ వాట్సాప్ గ్రూపు నడిపే మునాఫ్, సౌదీలోని దమ్మాం, అల్ హసా నుంచి బహ్రెయిన్ దాకా తెలిసినవాళ్ళు బుట్టలు పెట్టుకుని ఆడే ఏడు చోట్ల జాబితా పంపాడు. ఉన్న సమయానికి మూడే కుదురుతాయి.

ఏ మూడన్న దగ్గర యుద్ధం మొదలైంది.

నిత్య మనసు అల్ హసా దగ్గరి గుట్టల కోర్సు మీద ఉంది. రాతి గుట్టల మధ్య ఎక్కుతూ దిగుతూ పద్దెనిమిది బుట్టలు. అమ్మానాన్నలు మొదటి రెండు బుట్టల దగ్గరే కూర్చుండిపోతారు. మిగతా పదహారూ పెంచల్‌తో తనొక్కతే నడవొచ్చు. అన్ని గుట్టలెక్కాక కూడా చెప్పలేకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని ఆమె గట్టిగా అనుకుంది.

నిత్య కాగితం మీద రాసిన జాబితా చూసి పెంచల్ పెన్ను తీశాడు. మొట్టమొదట కొట్టేసింది గుట్టల కోర్సునే.

“అదెందుకు కొట్టేశారు?” అంది నిత్య.

“రాళ్ళు డాక్టరమ్మా. డిస్కులు పగల్తాయి.”

తర్వాత ఇసుక తిన్నెల కోర్సు కొట్టేశాడు. ఇసుకలో కాళ్ళు కూరుకుపోతాయన్నాడు. ఇంకో రెండింటికీ ఏదో ఒక వంక పెట్టి గీత గీశాడు. మిగిల్చినవి మూడు. దమ్మాంలో సముద్రం ఒడ్డున పచ్చిక, బహ్రెయిన్‌లో ఒక స్కూలు మైదానం, అల్ హసాలోనే ఒక ఖర్జూర తోట. మూడూ అరచెయ్యిలా చదును.

“ఇవి పెంచల్ గారూ, మా క్లినిక్‌లో ఎనభై ఏళ్ళ పేషెంట్లు నడిచే చోట్లు. గుట్టల మీద నా చేతిలో ఓడిపోతానని భయమైతే చెప్పండి, ఎవరికీ చెప్పను.”

“భయమే అనుకోండి,” అని పెంచల్ నవ్వాడు. ఎప్పుడూ ఒక మాటకు నాలుగు అప్పజెప్పే మనిషి, ఆ రోజు అంతటితో ఊరుకున్నాడు. అదే ఆమెకు నచ్చలేదు. తీర్పు కోసం తండ్రి వైపు చూస్తే, ఆయన శ్రద్ధగా పేపరు చదువుకుంటున్నాడు.

చివరికి రాజీ కుదిరింది. మొదటి రెండు రోజులు పెంచల్ చెప్పినవి, మూడో రోజు నిత్య చెప్పింది.

సముద్రం ఒడ్డున ఆట హాయిగా సాగింది. గాలి ఎటు వీస్తే అటు డిస్కు పోయింది. ఒకటి నీళ్ళలో పడితే పెంచల్ ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి వెళ్ళి తెచ్చాడు. అది తనది కాదనీ, తనది ఇంకా లోపలుందనీ నిత్య చెబితే, నిజమో అబద్ధమో అడగకుండా మళ్ళీ దిగాడు. అక్కడ ఇంకేమీ లేదు. తడిసిన ప్యాంటుతో తిరిగొచ్చి, “మీది చేప మింగినట్టుండాది,” అన్నాడు. కామేశ్వరి కూతురి వైపు ఒక చూపు చూసింది. నిత్య చటుక్కున నీళ్ళ సీసా కోసం వెతకసాగింది.

బహ్రెయిన్‌లో స్కూలు మైదానంలో ఆమే గెలిచింది. అయినా సంతోషం లేదు. అతను ప్రతి బుట్ట దగ్గరా తండ్రి పక్కనే నడిచాడు. తను నాలుగడుగులు ముందుకేసి ఆగితే, అతనూ తండ్రీ అక్కడే ఆగి ఏవో కబుర్లు. తనతో ఒంటరిగా నడవడం తప్పించుకుంటున్నాడా అన్న అనుమానం ఆ సాయంత్రం మొదలై రాత్రంతా పెరిగింది.

మూడో రోజు పొద్దున అల్ హసా చేరారు. ఆకాశం మబ్బు పట్టి ఉంది. ఖర్జూర తోటల అంచున, గుట్టల దారి చీలే చోట పెంచల్ కారు పక్కకు తీసి ఆపాడు. ఇంజిను వేడెక్కుతోందనీ, ఇది గుట్టల దారి ఎక్కదనీ, ఈ తోటలోనే ఆడుకుందామనీ చెప్పి దిగి బానెట్ ఎత్తాడు.

నిత్య వెనక సీట్లోంచి ముందుకు వంగి చూసింది. వేడి చూపే ముల్లు ఎక్కడుండాలో అక్కడే ఉంది. ఆమె కూడా దిగింది.

“ఏడాదిన్నరలో మీరు నాతో ఎన్నో అన్నారు, అబద్ధం మాత్రం ఎప్పుడూ చెప్పలేదు,” అంది. “నాతో ఆ గుట్టల మీద నడవడం ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పండి. పాపం కారు మీదకెందుకు తోస్తారు?”

పెంచల్ బానెట్ దించాడు. తుడుచుకోవడానికి చేతికి మురికే లేదు, అయినా గుడ్డతో తుడుచుకున్నాడు.

“ఇష్టం ల్యాక కాదు నిత్యా.” ఆమెను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. “ఒకరికి మాటిచ్చినా. అది దాటి చెప్పలేను. మీరు ఏమన్నా అనుకోండి, పడతా.”

“ఎవరికిచ్చారు?”

కారు తలుపు తెరుచుకుంది. అనంతరామ్ ఒక చేత్తో తలుపు, ఒక చేత్తో పైకప్పు పట్టుకుని, కుడికాలు నేల మీద ఆనించలేక ఆనించి దిగాడు. దిగడానికి ఆయనకు పట్టిన ఆ కాసేపట్లోనే నిత్యకు సగం అర్థమైంది.

“అతన్నేమీ అనకే తల్లీ. మాట తీసుకుంది నేనే,” అన్నాడాయన.

మోకాలు నవంబరు నుంచీ పట్టేస్తోందట. చదునులో ఫరవాలేదు, మెట్లు, ఎత్తులే కష్టమట. ఒకసారి వర్క్‌షాపులో కూర్చుని లేవలేకపోతే పెంచల్ చూశాడు. కూతురికి చెప్పొద్దని, చెబితే ఈ ప్రయాణమే మానిపించేస్తుందని ఆయన మాట తీసుకున్నాడు. పెంచల్ కూడా ఒక షరతు పెట్టాడు. ఎత్తు ఎక్కనని సారు మాటివ్వాలి, కువైట్ తిరిగిరాగానే తనే కూతురికి చెప్పాలి. అందుకే జాబితాలో ఎత్తున్న చోటల్లా పెన్ను పడింది.

కామేశ్వరి కిటికీలోంచి, ఆ నొప్పి మందు రోజూ రాసేది తనేనని ప్రశాంతంగా చెప్పింది.

నిత్య తండ్రిని డిక్కీ అంచున కూర్చోబెట్టి, కింద మోకరిల్లి, మోకాలు ఒత్తి చూసింది. ఊరందరి మోకాళ్ళూ చూసే తను ఇంట్లో మోకాలు చూడలేదు. తను ఇంటికొచ్చే వేళకు ఆయన ఎప్పుడూ కుర్చీలో ఎందుకుండేవాడో ఇప్పుడు తెలిసింది. కళ్ళు తుడుచుకుని, వెళ్ళగానే స్కాన్ తీయించాలనీ, రేపటి నుంచే వ్యాయామాలనీ, ఎదురు చెప్పడానికి వీల్లేదనీ గడగడా చెప్పింది. అనంతరామ్ అన్నింటికీ తలూపి, తనొకటి అడుగుతానన్నాడు.

“మేమిద్దరం ఈ తోటలో కూర్చుంటాం. మీరు ఆ గుట్టల మీద ఆడి రండి. నేను చూడలేని కోర్సు ఎలా ఉందో వచ్చి చెప్పండి.”

నాలుగో బుట్ట దగ్గర చినుకులు మొదలయ్యాయి. ఏడో బుట్ట దగ్గర వాన. ఇద్దరూ ఒక రాతి చూరు కిందకు పరుగెత్తారు. ఆమె డిస్కును తల మీద గొడుగులా పట్టుకుంటే, అంత చిన్న గొడుగు కింద అంత పెద్ద కోపం ఎట్ల పట్టిందని అతను అడిగాడు. కోపం పోయిందని ఆమె చెప్పింది. తనను క్షమించమంది.

“క్షమాపణలొద్దు. నేనొకటి చెప్పల్ల, అది వినండి చాలు.” పెంచల్ వాన వైపు చూస్తూ మాట్లాడాడు. “మీరంటే నాకు చానా ఇష్టం. ఆ బుట్ట వెల్డింగ్ చేసిన నాటి నుంచీ. మీ నాయన నన్ను నమ్మినాడు. నమ్మిన మనిషి ఇంటి పిల్లనే అడగల్లంటే నోరు రాల్యా. నేను వర్క్‌షాపోన్ని. మీరు సదువుకున్నోళ్ళు. జూన్ వస్తాంది, మీరు పోతారు. అడక్కుండా పోనిస్తే మాత్రం జన్మంతా నన్ను నేను తిట్టుకోవల్ల.”

నిత్య కావాలని మొహం మామూలుగా పెట్టుకుంది.

“నాన్నని అడుగుదువుగాని. ముందు నన్నడిగావా?”

“అడుగుతాండా కదా.”

“ఇంకా పదకొండు బుట్టలున్నాయి. ఆలోచించుకుంటా,” అని ఆమె వానలోకే నడిచి డిస్కు విసిరింది. తను అతన్ని మీరు అనడం మానేసిన సంగతి ఆమె గమనించలేదు. అతను గమనించాడు. మిగతా పదకొండు బుట్టల్లో ఒక్కటీ అతనికి సరిగా పడలేదు.

ఆగని వానలో తడిసి ముద్దై తోటలోకి తిరిగొచ్చాక, పెంచల్ ఇంకేమీ ఆలోచించకుండా, పాక చూరు కింద కూర్చున్న అనంతరామ్ ముందు నిలబడి విషయం చెప్పేశాడు. తన జీతం, తన చదువు, తన ఊరు, ఏదీ దాచలేదు. సొంత వర్క్‌షాపు పెట్టాలన్న ఆశ కూడా చెప్పాడు. అంతా విన్నాక కామేశ్వరి, మన వాళ్ళు కాదు, మన పద్ధతులు కావు, మా అక్కలకు ఏం చెప్పాలి అని నెమ్మదిగా అంది. మళ్ళీ తనే, భర్త మోకాలి కోసం కూతురి చేత మూడు రోజులు తిట్లు తిన్నవాణ్ణి ఏ వంకతో కాదనాలో కూడా తోచడం లేదంది.

“మీ నాన్నగారి నంబరివ్వు,” అన్నాడు అనంతరామ్.

పెంచల్ తండ్రి సిద్ధయ్య పొలంలో ఉన్నట్టున్నాడు. స్పీకర్లో మోటారు చప్పుడు వినిపిస్తోంది. కువైట్ నుంచి సారెవరో అనేసరికి కంగారుపడి, కొడుకు ఎవరి బండన్నా చెడగొట్టినాడా అని అడిగాడు. బండి కాదని, మా అమ్మాయిని చేసుకుంటానంటున్నాడని, మీ అభిప్రాయం కనుక్కుందామని చేశానని అనంతరామ్ చెప్పాడు. అవతల మోటారు ఆగింది.

“సార్, పిల్ల ఆడనే ఉండాదా? ఒక మాట మాట్లాడొచ్చునా?”

అనంతరామ్ ఫోను కూతురికిచ్చాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతుండగా నిత్య దాన్ని రెండు చేతుల్తో పట్టుకుంది.

“అమ్మా, నేను పెంచల్ నాయన్ని. మా అభిప్రాయాలు తర్వాత సూసుకుందాం. ముందు నువ్వు సెప్పు తల్లీ. వాడంటే నీకు ఇష్టమేనా?”

కామేశ్వరి చూస్తోంది. అనంతరామ్ చూస్తున్నాడు. పెంచల్ మాత్రం తల వంచుకుని, తన బూట్ల మీది తడి ఇసుకనే చూస్తున్నాడు.

“ఇష్టమేనండీ,” అంది నిత్య. వాన చప్పుడులో ఆయనకు వినపడలేదేమోనని, మళ్ళీ కొంచెం గట్టిగా చెప్పింది. “చాలా ఇష్టం.”

పెంచల్ తలెత్తాడు. నారింజ రంగు డిస్కును మొదటి రోజు లాగే రెండు చేతుల్తో పట్టుకుని ఆమె వైపు నడిచాడు.