ముల్లు లేవని ఆదివారాలు

రంజిత మొదట చూసింది నాగేశ్ కాళ్ళను. మిగతా మనిషి కారు డాష్‌బోర్డు కింద ఉన్నాడు.

“ఎవరప్పా అది? చెప్పులతో కారులోకి ఎక్కింది?”

“నాగేశ్. చింతామణి. ఆటో ఎలక్ట్రికల్స్,” అన్నాయి కాళ్ళు.

“ఎవరైతే ఏమి? మా తాతే చెప్పులు కింద విడిచి ఎక్కుతాడు. దిగు!”

“దిగాలంటే ముందు తల బయటికి రావాల కదమ్మా. తల మీద మీటరుండాది.”

కాళ్ళు మాత్రం ఒకదానికొకటి సాయం చేసుకుని చెప్పులను బయటికి తోసేశాయి. వాటిలో ఒకటి వెళ్ళి రంజిత పాదం మీద పడింది. ప్రేమ చూపులతో మొదలవుతుందని నమ్మేవాళ్ళకు ఈ కథ ఇక్కడే కొంత నిరాశ కలిగించవచ్చు.

కాసేపటికి ముఖం కూడా బయటికి వచ్చింది. నుదుటి మీద గ్రీజు, కళ్ళలో కోపం. రంజిత తెలియకుండానే “మీరు”లోకి మారిపోయింది. కాళ్ళను “నువ్వు” అనడం సులభం.

బాగేపల్లిలో ఆదినారాయణప్ప ఇంటి షెడ్డులో ఉన్న ఆ కారు 1966 నాటి ఇంగ్లీషు ఎం.జి. రెండే సీట్లు. పైకప్పు గుడ్డది, అదీ చిరిగింది. బెంగళూరులో ఒక తెల్ల ఇంజినీరు దేశం వదిలి పోతూ అమ్మితే ఆయన కొన్నాడు. చెనిక్కాయల వ్యాపారం చేసిన రోజుల్లో అందులోనే తిరిగాడు. ఇప్పుడు, 2004లో, వ్యాపారమూ లేదు, చెవులూ లేవు. ఆదివారం సాయంత్రం మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని ఊరి చివరిదాకా వెళ్ళి రావడం మాత్రం మిగిలింది.

ఇంజన్ చప్పుడు వినపడని మనిషికి ఇంజన్ వేగం చూపే ఆర్.పి.ఎం. మీటరే చెవి. ముల్లు మూడు వేలకు చేరితే గేరు మారుస్తాడు. ముల్లు పడిపోతే ఇంజన్ ఆగిందనుకుంటాడు.

కిందటి వారం నాగేశ్ వచ్చి, ఇంజన్‌కు నిప్పురవ్వ ఇస్తూ మాటిమాటికీ అరిగిపోయే పాత పాయింట్లు తీసేసి, కొత్త ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ బిగించాడు. ఇంజన్ పిల్లిలా గురగురమంది. ముల్లు మాత్రం సున్నా దగ్గరే పడుకుంది. ఇప్పుడు దాన్ని లేపడానికి మళ్ళీ వచ్చాడు.

ఆ రోజు అతను కారును పరీక్షించిన దానికన్నా ఎక్కువసేపు రంజిత తల్లి సుజాతమ్మ అతన్ని పరీక్షించింది.

“మీ ఊరు యాడప్పా?”

“కెంచార్లహళ్ళి.”

“కెంచార్లహళ్ళిలో ఎవరింట్లో?”

“మునివెంకటమ్మ మనవణ్ణి.”

సుజాతమ్మ వేళ్ళ మీద ఏదో లెక్క కట్టింది. తర్వాత అడగకుండానే ఇంకో లోటా కాఫీ పోసింది. నాగేశ్ దాన్ని మర్యాద అనుకున్నాడు.

రెండో ఆదివారానికి జబ్బు తెలిసిపోయింది. ఆ కాలపు ఇంగ్లీషు కార్లలో బ్యాటరీ ప్లస్ బాడీకి కలిపి ఉంటుంది. కొత్త కిట్‌కు మైనస్ కలపాలి. కిట్ బిగించిన నాడే నాగేశ్ అలాగే తిప్పి కలిపాడు. లైట్లు, హారన్ ఈ మార్పును పట్టించుకోలేదు. మీటరు పట్టించుకుంది. కాయిల్‌కు పోయే వైరు దారిలో మీటరు వెనక ఒక చుట్టు చుట్టుకుని పోతుంది. ఆ చుట్టులో పారే కరెంటే ముల్లును లేపుతుంది. మీటరు లోపల మార్చాల్సినవి మార్చేశాడు. ఇక ఆ ఒక్క చుట్టును ఎదురు దిక్కుకు తిప్పితే పని అయిపోయినట్లే.

“వైరును వెనక్కి చుట్టాలప్పా!” అని నాగేశ్ ఆదినారాయణప్ప చెవిలో అరిచాడు.

“ఎట్ల?”

నాగేశ్ గాలిలో వేలితో ఎడమకు ఒక సున్న గీశాడు. పెద్దాయన ముఖం మారిపోయింది.

“అప్రదక్షిణమా? మా నాయన పోయినప్పుడు తిరిగినానే, అట్లా?”

“కరెంటుకు అవన్నీ తెలీవప్పా!”

“కరెంటుకు తెలీకపోతే నాకు తెలుసు. కారు కొన్న దినం ఆ ఇంజినీరు నన్ను డాష్ కింద పండుకోబెట్టి అన్నీ చూపించినాడు. వైరు ప్రదక్షిణంగా ఉండింది. అది చూసే కొన్నాను. దాన్ని ముట్టుకోవద్దు. వేరే దారి చూడు.”

వేరే దారి లేదు. నాగేశ్‌కు చిరాకు రావాలి. కానీ తిరుగు బస్సు చేలూరు దాటేసరికి తను ఈల వేస్తున్నట్టు గమనించాడు. వాన పడేట్టుంది, అందుకని అనుకున్నాడు. ఇతరుల తప్పులకు కారణాలు తవ్వి తీసే మనిషి, తన సంతోషం దగ్గరికి వచ్చేసరికి చేతికందిన మొదటి కారణంతో సరిపెట్టుకుంటాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం షాపు మూసి బాగేపల్లికి వచ్చాడు. బాగేపల్లి హైస్కూల్లో సైన్సు చెప్పే రంజిత టార్చి పట్టుకునేది.

“పోయిన వారం రెగ్యులేటరు అంటిరి. ఈ వారం ఏమి?”

“ఎర్త్.”

“ఎర్త్ అప్పుడే చూసేస్తిరి కదా!”

“అది ముందర ఎర్త్. ఇది వెనక ఎర్త్.”

“వచ్చే వారం పక్క ఎర్తా?”

“టార్చి సరిగా పట్టుకోండి టీచరమ్మా.”

“మా శాలెలో హోంవర్కు చేయని పిల్లోళ్ళు కూడా ఇంతకన్నా మంచి కారణాలు చెప్తారు.”

ఒకసారి వాన వచ్చింది. షెడ్డు రేకు నుంచి జారిన చుక్క, కారు కప్పు చిరుగులోంచి దారి చేసుకుని సరిగ్గా ఇద్దరి మధ్య పడింది. తడవకుండా ఉండాలంటే అతను అటు, ఆమె ఇటు జరగాలి. ఇద్దరూ ఒకే వైపు జరిగారు. టార్చి వెలుగు చాలాసేపు షెడ్డు గోడ మీద ఉన్న బల్లిని పరిశీలించింది.

“సంగటి చల్లారిపోతాది, రాండి!” అని సుజాతమ్మ కేక వేయకపోతే బల్లికి కూడా విసుగు పుట్టేది.

విసుగు ముందు పుట్టింది రంజిత తండ్రి గోవిందప్పకు.

“ఇంక చాలప్పా,” అన్నాడు ఒక సాయంత్రం. “నాయనకు చెవులు వినపడవు. ఇప్పుడు ముల్లూ లేదు. ఇట్ల హైవే దగ్గరికి తోలుకోని పోతే ఏమవుతాది? బెంగళూరు గ్యారేజీతో మాట్లాడినా. వచ్చే ఆదివారానికి నువ్వు చేయకపోతే సోమవారం లారీ వస్తాది. వాళ్ళ చేతా కాకపోతే ఆడనే అమ్మేస్తాం.”

పెద్దాయనకు మాటలు వినపడలేదు. కొడుకు చెయ్యి కారు వైపు, తర్వాత రోడ్డు వైపు తిరగడం కనపడింది. ఆయన వచ్చి బానెట్ మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు.

ఆ వారమంతా నాగేశ్ తన మనసును కూడా సర్క్యూట్‌లా గీసి చూసుకున్నాడు. ముల్లు లేస్తే బాగేపల్లికి వెళ్ళే కారణం పోతుంది. లేవకపోతే కారే పోతుంది, ముసలాయన ఆదివారాలూ పోతాయి. ఎటు నుంచి చూసినా చివరికి తను చింతామణి బస్టాండులో ఒంటరిగా దిగుతున్నాడు. కనీసం ముసలాయన ఆదివారాలైనా మిగలాలి అనుకున్నాడు. అంత మంచి ఆలోచన తనకు ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదో ఆలోచించుకోలేదు.

ఆదివారం చెప్పులు బయట విడిచి డాష్‌బోర్డు కింద దూరాడు. పక్క సీటు నుంచి రంజిత కూడా టార్చితో తల దూర్చింది. వైరు చుట్టును పట్టి ఉంచే చిన్న నట్టు మీద వెలుగు పడింది.

“ఈ నట్టు ఎవరు విప్పినారు?”

“ఏమో.”

“దీని మీద సుద్దపొడి ఉండాది. నా షాపులో బ్లాక్‌బోర్డు లేదు.”

డాష్‌బోర్డు కింద ఇద్దరి ముఖాలూ తలకిందులుగా ఉన్నాయి. తలకిందులైన ముఖంలో సిగ్గును గుర్తుపట్టడం కష్టం. ఇద్దరికీ ధైర్యం వచ్చింది అందువల్లే.

“పోయిన నెల తాత నిద్రపోతాంటే వెనక్కి చుట్టి చూసినా,” అంది రంజిత.

“లేసిందా?”

“తొక్కిన కొద్దీ లేసింది.”

“మరి?”

“మళ్ళా ఎట్లుండేదో అట్లే చుట్టి పెట్టేసినా.”

“ఏమిటికి?”

“మీరు ఇన్ని వారాలు చుట్టకుండా ఉండేది ఏమిటికి?”

“మీ తాత వద్దన్నాడు కదా.”

“చెప్పులు విడవమంటేనే నాతో కొట్లాడిన మనిషి, ఇదొక్కటి నోరు మూసుకోని విన్నారా?”

నాగేశ్ నట్టును తుడిచాడు. అప్పటికే శుభ్రంగా ఉన్నదాన్ని ఇంకోసారి తుడిచాడు.

“నాకు ఆదివారం షాపు మూసేది అలవాటయిపోయింది,” అన్నాడు చివరికి.

“దాన్ని మా శాలెలో లీవు అంటారు.”

“ఇంట్లో ఏమంటారు?”

“నేను నట్టు మళ్ళా బిగించినా కదా,” అంది రంజిత. “ఇంకేం చెప్పాల?”

టార్చి ఆరిపోయింది. బ్యాటరీలు అయిపోయి కాదు.

“మీ తాతకు చెప్పకుండా చుట్టేస్తే?” అన్నాడు నాగేశ్ కాసేపటికి.

“అట్ల చేసేదైతే అప్పుడే చేసుంటిని. తాత దాంట్లో కూర్చోని తిరగాల. మోసంతో వద్దు.” ఆమె తల బయటికి తీసి, తన సీట్లో నిటారుగా కూర్చుని, మీటరు అద్దం వైపు చూసింది. “మీరు దాన్ని యాడ నుంచి చూస్తాండారు?”

“వెనక నుంచి.”

“నాకు ఈడ నుంచి చూస్తే ఎట్లుంటాది?”

నాగేశ్ మీటరుకు తల కొట్టుకుంటూ బయటికి వచ్చి, అద్దం వైపు నుంచి చూశాడు.

ఆదినారాయణప్పను పిలుచుకొచ్చి స్టీరింగు ముందు కూర్చోబెట్టారు. నాగేశ్ ఒక వైరు ముక్కను వలయంలా పట్టుకున్నాడు. రంజిత దాని మీద వేలు తిప్పుతూ తాత చెవిలో అరిచింది.

“తాతా, ఇంజినీరు నీకు చూపించింది వెనక నుంచి! నువ్వు కూర్చునేది ముందర! ఇదో, వెనక నుంచి చూస్తే అప్రదక్షిణం. ఇప్పుడు నీ తట్టు నుంచి చూడు!”

ముసలాయన చూశాడు. వలయాన్ని చేతిలోకి తీసుకుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కనుబొమలు దగ్గరయ్యాయి.

“అట్లయితే ఇన్నేండ్లూ నేను కూర్చున్న తట్టు నుంచి అది అప్రదక్షిణంగానే ఉండిందా?”

ఈ సంగతి వాళ్ళిద్దరికీ తట్టలేదు.

“ఉండింది తాతా!” అని రంజిత గుండె గట్టి చేసుకుని అరిచింది. “ఇప్పుడు సరిచేస్తాండాడు!”

“మరి చూస్తా నిలబడినావేంటికప్పా? చుట్టు!”

నాగేశ్ చుట్టాడు. ఇంజన్ స్టార్ట్ చేశాడు. ముల్లు ఒకసారి వణికి, లేచి, ఎనిమిది వందల దగ్గర నిలిచింది. ముసలాయన కాలు నొక్కాడు. ముల్లు పైకి పోయింది. వదిలాడు. దిగింది. చిన్నపిల్లాడిలా మళ్ళీ నొక్కాడు. గోవిందప్ప లారీ వద్దని చెప్పడానికి సెల్‌ఫోన్ పట్టుకుని సిగ్నల్ కోసం వీధిలోకి నడిచాడు.

సన్నగా చినుకులు మొదలయ్యాయి. రంజిత తాత పక్కన కూర్చుంది. ఆదినారాయణప్ప గేరు మీద చెయ్యి వేసి, ఆగి, నాగేశ్ వైపు తిరిగాడు.

“ముల్లు లేసింది. వచ్చే ఆదివారం ఏం చెప్పి వస్తావు?”

“సర్వీసింగ్ ఉంటాదప్పా!”

“వినపడలేదు.”

“సర్వీసింగ్!” అని నాగేశ్ వీధంతా వినేలా అరిచాడు.

“వినపడలేదప్పా.”

రంజిత ముల్లు వైపే చూస్తూ, మామూలు గొంతుతో అంది.

“వాళ్ళమ్మను పిల్చుకోని వస్తాడు తాతా.”

అది ఆయనకు వినపడింది.

“రమ్మను,” అంది వాకిట్లోంచి సుజాతమ్మ. “వరస నేను మొదటి దినమే చూసినా. మీకే ఇంతసేపు పట్టింది.”

కారు షెడ్డులోంచి వెనక్కి వచ్చింది. వస్తూ వస్తూ, కింద విడిచి ఉన్న నాగేశ్ చెప్పు మీదుగా ఒక చక్రం తీరిగ్గా ఎక్కి దిగింది. రంజిత వంగి చూసింది.

“చెప్పులు యాడబడితే ఆడ విడుస్తావా నువ్వు?”

నాగేశ్ నలిగిన చెప్పును చేతిలోకి తీసుకుని, వానలో నిలబడ్డాడు. ఈసారి ఆమె ఆ “నువ్వు”ను అతని ముఖం చూసే అంది.