చివరి వరస దాకా

తలుపు చప్పుడు కాకుండా మూయడంలో ఆ ఇల్లాలికున్న నేర్పు చూసి తీరాలి. గడియ దగ్గర బొటనవేలు అడ్డం పెట్టి, చివరి అంగుళం దాకా తలుపును చేత్తో నడిపించి, బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలేది. మూడో అంతస్తులో మూడు గదుల ఇల్లు. భర్త బేకరీలో రాత్రంతా పిండి కలిపి, పొద్దున్న ఏడింటికి వచ్చేవాడు, కనుబొమ్మల మీద కూడా పిండితో. ఏదో ఇంత తిని పడుకుంటే మళ్ళీ రెండింటికే లేవడం. ఆ నిద్ర చెడకూడదు. ఆ ఇంట్లో అది మొదటి చట్టం.

రెండో చట్టం కూతురు చిట్టిది. చిట్టి అంటే చిన్నపిల్లేం కాదు, ముప్పై దాటింది. వెనక గదిలో చెల్లో సాధన చేసుకుంటుంది. వయొలిన్‌కి పెద్దన్నయ్య లాంటి వాద్యం అది. పదేళ్ళ పిల్లంత ఉంటుంది, మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని కమానుతో వాయించాలి. అది వాయించడంలోనే డాక్టరేట్ చేస్తోంది, ఇది ఏడో ఏడు. మొదట్లో కింది వాటా ఆవిడ మెట్ల మీద ఆపి, "మీ అమ్మాయి డాక్టరవుతోందటగా, నా మోకాళ్ళ నొప్పి చూస్తుందేమో కనుక్కో" అంది. "మోకాళ్ళతోనే దాని పనంతా. కానీ మీవి చూడదు వదినా" అంది తల్లి. ఆ రోజుల్లో ఆమెకు నవ్వించడం వచ్చు.

హాస్టలు నుంచి చెల్లో ఇంటికొచ్చిన మొదటి రోజు చిట్టి వాయిస్తుంటే, ముందుగదిలో తండ్రి అటునుంచి ఇటు దొర్లాడు. అంతే, తల్లి గబగబా వెళ్ళి ఆ గది తలుపు మూసింది. ఆ సాయంత్రమే వాద్యాల కొట్టుకెళ్ళి, "గొంతు తగ్గించే సాధనం ఏదైనా ఉందా" అని అడిగి, నల్ల రబ్బరు ముక్క ఒకటి తెచ్చింది. తీగల్ని ఎత్తిపట్టే చెక్క మీద దాన్ని తొడిగితే, చెల్లో నిండా దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుంటుంది. చాలక, పాత దుప్పటి మడిచి తలుపు కింద సందులో కుక్కింది. ఎవరికీ ఇబ్బంది లేకుండా చేశానని ఎంత మురిసిపోయిందో.

ఆ మురిపెం మీద ఒక్కొక్కటే మూటకట్టింది. కుట్టు మిషను అటకెక్కింది, కుట్లన్నీ చేత్తోనే. రేడియో ఎవరికో ఇచ్చేసింది. గిన్నెల్లో చెక్క గరిటెలొచ్చాయి. చెల్లెలు ఫోన్ చేస్తే గుసగుసగా మాట్లాడేది. "నీతో మాట్లాడుతుంటే జబ్బు మనిషి మంచం పక్కన కూర్చున్నట్టుంటుందే అక్కా" అని నవ్వి నవ్వి, ఆ చెల్లెలు కూడా ఫోన్లు తగ్గించేసింది. మొగుడితో మాటలూ గుసగుసల్లోనే. మొదట్లో "ఊఁ" అనేవాడు, తర్వాత అదీ లేదు. మూడు గదులు, ముగ్గురు మనుషులు, మూసిన తలుపులు. మధ్యాహ్నాలు వంటగదిలో కూర్చుని, కుళాయి చుక్క ఎన్ని లెక్కలకొకసారి పడుతుందో చూసేది. పద్దెనిమిదికి ఒకసారి పడేది.

ఆ రోజు కూడా అన్ని రోజుల్లాగే తెల్లారింది. భర్త వచ్చాడు, పడుకున్నాడు. తల్లి రొట్టె, పాలగ్లాసు పింగాణీ పళ్ళెంలో పెట్టుకుని వెనక గదికి వెళ్ళింది. చిట్టి స్నానానికి వెళ్ళినట్టుంది. పళ్ళెం మంచం పక్క బల్ల మీద పెట్టి, దుప్పటి మారుద్దామని వంగితే, తెరిచి ఉన్న చెల్లో పెట్టె అరలోంచి మడిచిన కాగితం కనిపించింది, దాని వెనకే రెండు అట్టముక్కలు. కూడబలుక్కుంటూ చదివింది.

డాక్టరేట్‌కి మూడు కచేరీలు ఇవ్వాలని తల్లికి తెలుసు. మూడోది మూడు నెలల కిందటే అయిపోయింది, "బాగా జరిగిందమ్మా" అని చిట్టి చెప్పింది కూడా. కాగితంలో వేరేలా ఉంది. 'నేర్పుకు వంక పెట్టలేము. కానీ స్వరం చివరి వరస దాకా రాలేదు. మళ్ళీ వాయించాలి. ఇదే ఆఖరి అవకాశం.' కింద తేదీ వచ్చే గురువారానిది. ఆ అట్టముక్కలు కుటుంబసభ్యుల ప్రవేశానికి, మొదటి వరసలో రెండు సీట్లు.

తల తుడుచుకుంటూ చిట్టి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"నా పెట్టె ఎందుకు తీశావు?"

"తెరిచే ఉంది. ఇదేంటే, బాగా జరిగిందన్నావు?"

"బాగానే వాయించాను. వాళ్ళకి వినపడలేదు, అంతే."

ఇదంతా గుసగుసగానే. ఏడేళ్ళ అలవాటు మరి. పోట్లాటైనా పక్కవాళ్ళ రహస్యం చెప్పుకున్నట్టే ఉంటుంది ఆ ఇంట్లో.

"మాకు కార్డులిచ్చారు. ఒక్క మాట చెప్పలేదేం?"

"వచ్చేవాళ్ళేనా? పక్క గదిలో వాయిస్తుంటేనే తలుపు సందులో దుప్పటి కుక్కావు. బస్సెక్కొచ్చి వింటావనుకోనా?"

"అది మీ నాన్న నిద్ర చెడుతుందని..."

"తెలుసమ్మా. నేనేం తప్పుపట్టట్లేదు." చిట్టి మంచం అంచున కూర్చుంది. "కాలేజీలో గది రోజుకో గంట ఇస్తారు. మిగతా అయిదారు గంటలు ఇక్కడే, ఆ రబ్బరుముక్కతో. గట్టిగా వాయించడం ఈ చెయ్యి మర్చిపోయింది. హాల్లో కూర్చున్నా ఎవర్నో లేపేస్తానేమోనని భయం. అక్కడ ఎవరూ నిద్రపోవట్లేదని నాకు తెలుసు. నా చేతికి తెలీదు."

తల్లి చెల్లో మీది నల్ల ముక్క వైపు చూసింది.

"మానేస్తున్నాను" అంది చిట్టి. "కాలేజీకి ఉత్తరం రాసేశా, ఇవాళ పోస్టులో వేస్తా. ఏడేళ్ళు నా సాధన నేనే సరిగ్గా వినలేదు. ఇంకెవరో ఎందుకు వినాలి?"

"మానేస్తావా?" అంది తల్లి. ఆ మాట గుసగుసగా మొదలై మధ్యలో ఎక్కడో గొంతైంది. విసురుగా తిరిగేసరికి మోచెయ్యి తగిలి, పళ్ళెం నేల మీద పడి భళ్ళున పగిలింది.

ఇద్దరూ కొయ్యబారిపోయి ముందుగది వైపు చూశారు. మంచం కిర్రుమనలేదు. దగ్గు లేదు. ఏమీ లేదు.

తల్లి మెల్లగా వెళ్ళి చూసింది. భర్త పక్కకి తిరిగి, కుడి చెవి దిండులో పూర్తిగా పూడ్చుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. "ఏవండీ" అంది. కదల్లేదు. గట్టిగా, ఏడేళ్ళలో ఎన్నడూ లేనంత గట్టిగా, "ఏవండీ" అని పిలిచింది. అప్పుడూ కదల్లేదు. చివరికి భుజం పట్టి కుదిపితే ఉలిక్కిపడి లేచాడు.

"ఏమైందే? టైమైందా?"

"పళ్ళెం పగిలింది. వినపడలేదా?"

"ఎప్పుడు?"

ఆమె చూపు తప్పించుకుని దుప్పటి మడిచాడు. ఆ తర్వాత, దొంగతనం ఒప్పుకునేవాడిలా, "ఎడమ చెవి పోయి తొమ్మిదేళ్ళయింది" అన్నాడు. "పిండి మిషను పక్కనే కదా నా నిలబడ్డం. బయటికి చెబితే ఆ పని తీసేసి గేటు దగ్గర కూర్చోబెడతారని చెప్పలేదు. మంచి చెవి దిండులో పెట్టుకున్నానంటే ఇక ఇల్లు కూలినా నాకు తెలీదు."

"నాక్కూడా చెప్పకూడదా?"

"నీతో ఏం చెప్పను? నువ్వు నాతో మాట్లాడ్డమే మానేశావు. ఏదో గొణుగుతావు, వెళ్ళిపోతావు. నా మీద విసుగు పుట్టిందేమోలే అనుకున్నా."

తల్లి అలాగే మంచం మీద చతికిలబడింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ మనిషి నిద్ర కోసం ఆమె నోరు కట్టేసుకుంది. కట్టేసుకున్నందుకే ఆ మనిషి దూరమయ్యాడు. పిల్ల గొంతు కూడా తన చేత్తోనే నొక్కింది, అదీ కొట్టుకెళ్ళి ఏరికోరి తెచ్చిన ముక్కతో. ఏడేళ్ళు. ఎవర్నీ లేపకూడదని, ఎవరూ లేకుండా చేసుకుంది.

చీరకొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. వెనక గదికి వెళ్ళి, చెల్లో మీది రబ్బరుముక్క తనే ఊడబీకింది. తలుపు కింది దుప్పటి లాగి బకెట్లో పడేసింది. కిటికీ రెండు రెక్కలూ బార్లా తెరిచింది.

"చివరి వరస అంటే ఎంత దూరం?"

"అమ్మా, ఇప్పుడవన్నీ..."

"అడిగినదానికి చెప్పవే."

చిట్టి కిటికీలోంచి చూసింది. "ఆ బస్టాపు దాకా ఉంటుందేమో."

"నేనక్కడికెళ్ళి నిలబడతా. నువ్వు వాయించు. వినపడితే చెయ్యెత్తుతా. ఎత్తకపోతే వినపడనట్టు. ఆ ఉత్తరం అప్పుడు వేసుకో, నేనడ్డం రాను."

తండ్రి కుర్చీ ఈడ్చుకొచ్చి, అటూ ఇటూ తిప్పుకుని, కుడి చెవి చెల్లో వైపుకి పెట్టుకుని కూర్చున్నాడు. "నువ్వు దిగే లోపు మొదలెట్టదులే, మెల్లగా దిగు" అన్నాడు భార్యతో. అతను అలా తనంతట తను మాట కలిపి ఎన్నాళ్ళైందో.

ఆమె మెట్లు దిగి, రోడ్డు దాటి, బస్టాపులో బెంచీ పక్కన నిలబడింది. మొదట ఏమీ లేదు. ఒక బస్సు వచ్చి వెళ్ళింది. అది వెళ్ళిన వెనకాల సన్నగా, పక్క వీధిలో ఎవరో పిలుస్తున్నట్టు వినిపించింది. చెయ్యి లేవబోయింది. లేవనివ్వలేదు.

పైన ఆ చెయ్యి కోసం చూస్తున్నట్టున్నారు. స్వరం కాస్త పెరిగింది. ఇంకాస్త. చిన్నప్పుడు జ్వరంలో చిట్టి అర్ధరాత్రి లేచి "అమ్మా" అన్నట్టు ఉంది. ఆ తర్వాత పిల్ల గొంతు కూడా కాదు, పెద్ద మనిషి గొంతు, తను ఎన్నడూ పరిచయం చేసుకోని మనిషిది. ఇంత మనిషి నా ఇంట్లో ఉందా అనుకుంది. కింది వాటా ఆవిడ కిటికీ తెరిచి పైకి చూస్తోంది. మూడో అంతస్తు కిటికీలోంచి భర్త రెండు చేతులూ ఊపుతూ, వినపడ్డం లేదా అని సైగ చేస్తున్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చెయ్యి ఎత్తకుండా అలాగే నిలబడి ఏడ్చింది.

పాట పూర్తయ్యాకే చెయ్యెత్తింది.

పైకొచ్చేసరికి చిట్టి నేల మీద కూర్చుని ఉంది. ఆ ఉత్తరం మడిచి, దానితోనే పళ్ళెం పెంకులు పోగుచేస్తోంది. పాలు తగిలి కవరు మెత్తబడిపోయింది.

"ఎప్పట్నుంచి వినపడింది?"

"మొదట్నుంచీ."

"మరి చెయ్యెందుకెత్తలేదు?"

"ఎత్తితే ఆపేస్తావుగా."

చిట్టి పెంకులు వదిలేసి తల్లి ఒళ్ళో ముఖం పెట్టుకుంది. ఇద్దరూ గట్టిగానే ఏడ్చారు. లేస్తాడేమోనని చూసుకోవలసిన మనిషి ఆ పక్కనే కుర్చీలో కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"గురువారం మీ ఇద్దరికీ మొదటి వరస" అంది చిట్టి, ముక్కు ఎగబీలుస్తూ.

"మీ నాన్నని కూర్చోబెట్టు, కుడి చెవి చూసి" అంది తల్లి. "నేను మాత్రం చివరి వరసలోనే కూర్చుంటా. అటు చూడకు, చెయ్యెత్తను."