సలోమి లాగిన్

ఏజెంట్ సతీశ్ శవం ఎల్లారెడ్డి రోడ్డు పక్కన చెరుకు తోట గట్టున దొరికింది. బైక్ యాక్సిడెంట్ అని ఊరంతా అనుకుంది. యాక్సిడెంట్‌లో పోయినవాడి తలలోకి తూటా ఎలా వచ్చిందో ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్ బయటికి పొక్కనివ్వలేదు. ప్రాణం పోయేముందు అతని ఫోన్ నుంచి హెడ్‌క్వార్టర్స్‌కు చేరినవి రెండే మాటలు.

"సలోమి లాగిన్."

మర్నాడు కామారెడ్డి స్టేషన్ రోడ్డులో ఒక మొబైల్ రిపేర్ షాపు ముందు హారిక ఆగింది.

"డిస్‌ప్లే పోయింది. టచ్ పనిచేస్తుంది."

షాపతను తలెత్తలేదు. "ఒరిజినల్ కావాల్నా, డూప్లికేటా?"

"ఏదైనా సరే. గ్యారంటీ లేనిది కావాలి."

కౌంటర్ పక్క తలుపు తెరుచుకుంది. వెనక గదిలో చీఫ్ దివాకర్ కూర్చుని ఉన్నాడు.

"ఎల్లారెడ్డిలో ఒక డేటా సెంటర్ ఉంది," అన్నాడు ఉపోద్ఘాతం లేకుండా. "ఫొటోల్లో ఇది చెట్టు, ఇది కారు అని గీతలు గీసి, పేర్లు టైప్ చేసి కంప్యూటర్‌కు నేర్పే పని. అందరూ ఆడవాళ్ళే. పైకి అంతే. లోపల విక్టర్ అనే విదేశీ ముఠా మనిషి మన కరెంట్ గ్రిడ్‌ను కూల్చే ప్రోగ్రామ్ తయారు చేయించాడు. రేపు వదులుతాడు. కోడ్ మొత్తం సలోమి అనే ఒక్క లాగిన్ నుంచే వచ్చింది. మహా ముదురు కోడర్. ఒక్కరోజు సెలవు పెట్టలేదు. ఆదివారం కూడా."

"ఒక్కరోజు కూడానా సర్? జ్వరం రాలేదా? పిల్లలు లేరా?"

"అందుకే ప్రొఫెషనల్ అంటున్నా." దివాకర్ ఫొటో ఒకటి ముందుకు తోశాడు. ఎర్ర కారు, నల్ల కళ్ళద్దాలు, పట్టుచీర. "సెంటర్ నడిపేది ఈమె. గుర్తుపట్టావుగా?"

హారిక వెంటనే గుర్తుపట్టింది. పద్మప్రియ. తనకు కోడింగ్ నేర్పిన సీనియర్. డిపార్ట్‌మెంట్ గర్వంగా చెప్పుకునే, కుట్రలను పసిగట్టే 'జల్లెడ' సాఫ్ట్‌వేర్‌ను రాసింది ఆమె. ఢిల్లీలో దాన్ని చూపించిన రోజు తెర మీద పడిన పేరు మాత్రం దివాకర్‌ది. ఆ రోజు పద్మప్రియకు అప్పగించిన పని, అతిథులకు టీ అందిందో లేదో చూడటం. తర్వాత ఉద్యోగం మానేసింది. ఎవరితోనో లేచిపోయిందన్నారు.

"అమ్ముడుపోయింది. దొరికితే అరెస్ట్. ఎదిరిస్తే కాల్చు."

"కోడ్ నేను చూస్తాను సర్."

"కీబోర్డ్ పని కుర్రాళ్ళు చూసుకుంటారు. నువ్విప్పుడే మెటర్నిటీ లీవ్ నుంచి వచ్చావు. కొత్తగా పనిలో చేరినట్టు లోపల కూర్చో చాలు. అక్కడికి మాకొక ఆడమనిషి కావాలి."

ఆమె ఎంటెక్ చదివిందని ఆ గదిలో ఎవరికీ గుర్తులేదు. టెక్నీషియన్ కుర్రాడు మొహం పక్కకు తిప్పుకుని ఒక బ్రెస్ట్ పంప్ అందించాడు. అందులో నెట్‌వర్క్‌ను ఆపేసే జామర్ దాచారు.

పసిపిల్లాడిని అత్త చేతిలో పెట్టి హారిక ఎల్లారెడ్డి బస్సెక్కింది. వాడు పాలపీక నోట పెట్టడం లేదని దారి పొడుగునా అత్త ఫోన్ చేస్తూనే ఉంది.

సెంటర్ గేటు దగ్గర గార్డ్ సంచి తెరిచాడు. "గిదేంది?"

"పాలు పిండేది. ఎట్ల పనిచేస్తదో చూపియ్యాల్నా?"

"ఏ... పో అక్కా, పో!"

లోపల మేడ మీది హాలు నిండా ఆడవాళ్ళు. తెర మీద సలోమి అని ఉన్న కుర్చీలో బక్కపలచని పిల్ల కూర్చుంది. హారిక కన్ను ఆమె మీది నుంచి కదల్లేదు. మధ్యాహ్నం బువ్వ తిని వచ్చేసరికి అదే కుర్చీలో, అదే లాగిన్‌లో, నడివయసు దాటిన ఒకామె కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని గీతలు గీస్తోంది.

"అవ్వా, గిది సలోమి కుర్చీ గదా?"

"అవు. నా కోడలు. పిల్లకు పాలియ్యవోయింది. నా పేరు ఈరవ్వ. పొద్దుమూకితే చిన్నకోడలొస్తది."

"మరి నీకు లాగిన్ లేదా?"

"నాకెందుకు బిడ్డా? బీడీల కార్డు నా పేర ఉండె, బీడీలు చేసింది కోడండ్లు. గిది కోడలు పేర ఉన్నది, నేను చేస్తున్న. కార్డు ఎవలదైతేంది, కట్టలు లెక్కకొస్తే సాలదా?"

"సార్లకు తెల్వదా?"

ఈరవ్వ నవ్వింది. "ఏ సారు మన మొఖం చూసిండే పిచ్చిదానా? తెరనే చూస్తరు."

సెలవు పెట్టని ఆ మహా కోడర్ ఒక అత్త, ఇద్దరు కోడళ్ళు. మరి కోడ్ రాసిందెవరు?

"మేము లేనప్పుడు మేడమ్ గూడ గీన్నే కూసుంటది," అంది ఈరవ్వ, అడక్కుండానే.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. అత్తరు వాసన ముందొచ్చింది. నల్ల కళ్ళద్దాలు హారిక మీద ఆగాయి.

"కొత్త పిల్లా. లోపలికి రా."

క్యాబిన్ తలుపు మూసుకుంది. హారిక చెయ్యి సంచి అడుగున దాచిన పిస్టల్ మీదికి పోయింది.

"డిస్‌ప్లే పోయింది," అంది పద్మప్రియ మెల్లగా. "టచ్ పనిచేస్తుంది."

అది డిపార్ట్‌మెంట్ ఈ వారమే మార్చిన సంకేతవాక్యం.

"అక్కా..."

"దివాకర్ సారే పంపిండు. మూడేండ్లయింది. ఆయనకొక్కనికే తెలుసు, కాయితం లేదు. నన్ను అరెస్ట్ చెయ్యమన్నడా? నాటకం గట్టిగుండాలె గదా." నవ్వబోయి ఆగింది. "కాల్చమని గూడ అన్నడా?"

హారిక చెయ్యి పిస్టల్‌ను వదిలేసింది.

"సరే తియ్యి." పద్మప్రియ కళ్ళద్దాలు తీసింది. కళ్ళ కింద నల్లటి చారలు. "సతీశ్‌కు సలోమి లాగిన్ సంగతి చెప్పింది నేనే. సగంలనే వాన్ని చంపిండ్రు. ఇను. ప్రోగ్రామ్‌కు తాళం పెట్టమన్నడు విక్టర్, సలోమి టైపింగ్ వేగానికే తెరుచుకోవాల్నని. లీవు పెట్టని మనిషని ఆమె మీదనే వానికి నమ్మకం. పెట్టిన. కని ముగ్గురి వేళ్ళు కలిపి నేర్పిన. రేపు ఒక్కతి కూసుంటే తెరుచుకోదు. అప్పుడు వాడు నా కంప్యూటర్‌ల ఉన్న అసలు ప్రోగ్రామ్‌కే వస్తడు. ఇప్పుడే తుడిస్తే వాడు రాడు, దొరకడు. అప్పుడు దాన్ని తుడిచెయ్యనీకి కొంచెం సేపు కావాలె. అందాక నెట్ ఆపు."

"ఆపుత."

పద్మప్రియ చూపు హారిక రవిక మీద పడింది. పాలు కారి తడిసిపోయింది. లేచి తన శాలువా తీసి ఆమె భుజాల చుట్టూ కప్పింది.

"నా సహస్రకు నాలుగేండ్లప్పుడు ఇడిసిపెట్టొచ్చిన. పిల్ల పుట్టినంక ఆడది కొలువు మానేస్తే ఎందుకని ఎవ్వరడుగరు, అంతకంటే మంచి కవర్ లేదన్నడు సారు. ఇల్లు ఇడిస్తే మాత్రం అందరడుగుతరు. జవాబు గూడ వాళ్ళే చెప్పుకుంటరు. గీ పనంతా అయిపోతే నేనే పోయి దానికి చెప్పుకుంట."

మర్నాడు విక్టర్ వచ్చాడు. ఆజానుబాహువు, వచ్చీరాని హిందీ. సలోమిని ఒక్కదాన్నే కూర్చోబెట్టి మిగతావాళ్ళను గోడకు నిలబెట్టాడు. సలోమి టైప్ చేసింది.

తెర ఎర్రబడింది. మిస్‌మ్యాచ్.

"ఫిర్ సే!"

మళ్ళీ ఎరుపే. "మా అత్తను పిలువుండ్రి సార్," అని సలోమి ఏడ్చేసింది.

విక్టర్ క్యాబిన్ వైపు పరుగెత్తాడు. హారిక పంప్ స్విచ్ నొక్కింది. హాలులో నెట్ చచ్చిపోయింది. చెవి కమ్మలో దాచిన రిసీవర్‌లో దివాకర్ గొంతు గరగరమని తెగిపోయింది.

క్యాబిన్‌లో పద్మప్రియ వేళ్ళు కీబోర్డ్ మీద వానలా కురుస్తున్నాయి. తెర మీద చెరిపివేత పట్టీ సగం దాటింది. విక్టర్‌కు అర్థమైంది. పిస్టల్ తీశాడు. హారిక వెనక నుంచి దూకి అతని మోచేతిని మెలితిప్పింది. ఎముక విరిగింది. కానీ ఒక తూటా అప్పటికే వెళ్ళిపోయింది.

పద్మప్రియ కుర్చీలోంచి జారలేదు. ఎడమ చేత్తో పొట్ట అదిమి పట్టుకుని, కుడి చేత్తో చివరి ఆజ్ఞ టైప్ చేసి ఎంటర్ నొక్కింది. విక్టర్ ఫోన్‌లో గ్రిడ్‌ను కూల్చేందుకు పెట్టిన గడియారం సున్నాకు వచ్చింది. నడిపేందుకు ఇక ప్రోగ్రామ్ లేదు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. జిల్లాలో ఒక్క బల్బు ఆరలేదు.

"అయింది గదా?" అంది.

"అయిందక్కా. మాట్లాడకు. అంబులెన్స్ వస్తున్నది."

"సహస్రకు... నువ్వే చెప్పాలె ఇగ."

అంబులెన్స్ వచ్చేసరికి హారిక ఒడిలో బరువు మాత్రమే మిగిలింది. ఈరవ్వ వచ్చి, ఏమీ అడక్కుండా, పద్మప్రియ కళ్ళు మూసింది.

సాయంత్రం కామారెడ్డిలో ప్రెస్‌మీట్. తన పర్యవేక్షణలో తయారైన 'జల్లెడ' సాఫ్ట్‌వేర్ ఈ కుట్రను ఎలా పసిగట్టిందో దివాకర్ వివరించాడు. విక్టర్ పట్టుబడ్డాడని, ముఠా నాయకురాలు హతమైందని అన్నాడు. సెంటర్ ఆడవాళ్ళను వదిలేశారు. వాళ్ళకు కంప్యూటర్ గురించి ఏం తెలుసు పాపం.

హారిక కారు దగ్గర అడ్డం నిలబడింది. "ఆమె మన మనిషి సర్. మీరే పంపారు."

"ఫైల్ ఉందా?"

"మీకు తెలుసు."

"ఫైల్ లేని ఆపరేషన్ జరగనట్టే." దివాకర్ డోర్ వేసుకున్నాడు. "అధికార రహస్యాల చట్టం మీద సంతకం చేశావు. నీకూ చిన్న పిల్లాడున్నాడు. ఆలోచించుకో."

హారిక ఆలోచించుకుంది. భయపడింది కూడా. జైలు, జైలు బయట పాల కోసం ఏడ్చే కొడుకు, రెండూ కళ్ళ ముందు ఆడాయి. అయినా కాళ్ళు ఇంటి వైపు పోలేదు.

పద్మప్రియ తల్లి బూదవ్వ తలుపు సగమే తెరిచింది. లోపల టీవీ నడుస్తోంది.

"ఎవలు బిడ్డా? నువ్వు గూడ తిట్టిపోనీకొచ్చినవా? టీవీల చెప్పినసంది గల్లీ అంతా అదే పని."

"కాదవ్వా. నేను ప్రియక్కతోని పనిచేసిన."

బూదవ్వ వెనక నుంచి సహస్ర తొంగిచూసింది. బడి యూనిఫాం ఇంకా విప్పలేదు.

"ఆంటీ, మా అమ్మ దొంగనా? టీవీల చెప్పిండ్రు."

హారిక గడప మీదనే కూలబడింది. పిల్లను దగ్గరికి తీసుకుంది. 'జల్లెడ' దగ్గర మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం ఏజెంట్ హారిక అధికార రహస్యాల చట్టాన్ని పేర్లతో సహా, రెండుసార్లు ఉల్లంఘించింది. రెండోసారి, పిల్ల మళ్ళీ మొదటినుంచి చెప్పమంది కాబట్టి.